మన కళల్లో మామిడి

ఉగాదినాడు బొల్లాపల్లిలో ఏ ఇంటి ముందు నిలిచి చూచినా మామిడి ఎన్నో చోట్ల కానవస్తుంది. గడపపైన ఆకుల తోరణం. పూజలో కలశం నోట మామిడి మండ. పచ్చడిలో పచ్చికాయ ముక్కలు. ఇల్లాలి పట్టుచీర అంచున బారులు తీరిన పిందెలు. భోషాణం అడుగున బట్టలో చుట్టి దాచిన హారంలోనూ పిందెలే. ముంగిటి ముగ్గు అంచున ఒక చిన్నపిల్ల చేయి ఆ పిందెలనే వంకర తిప్పి వేసి ఉంటుంది. ఇన్నింటిలో నోటికి రుచి ఇచ్చేది పచ్చడి ఒక్కటే. మిగిలినవన్నీ గుర్తులు. దేనికి గుర్తులని అడిగినచో ఎవరైనా తడుముకోకుండా ‘శుభానికి’ అని చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు. కాని అది చివరి జవాబు. దాని క్రింద పాత జవాబులు పొరలు పొరలుగా ఉన్నవి. వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి పొసగనివి కూడ.

ఆ పొరలను కొన్నింటిని విప్పి చూడడమే ఈ ప్రసంగంలో మేము తలపెట్టిన పని. రేడియో ముందు కూర్చున్నవారికి బొమ్మ చూపడం సాధ్యం కాదు గనుక బొమ్మ వెనుక ఉన్న కథ చెప్పి, బొమ్మను శ్రోతల ఊహకు విడిచిపెడతాము. మామిడి ఎరుగని శ్రోత మనలో లేరు గదా!

మన దేశపు శిల్పంలో మామిడి కానవచ్చే మిక్కిలి పాత తావులలో సాంచీ ఒకటి. అది మధ్యప్రదేశంలోనిదైనా మనకు పరాయిది కాదు. అక్కడి దక్షిణ తోరణంపైన శ్రీ శాతకర్ణి శిల్పులకు పెద్దయైన ఆనందుడనే వాని దానశాసనం ఉన్నది. కృష్ణాతీరాన్ని కూడ ఏలిన శాతవాహనుల కాలపు ఉలి పని అది. ఆ స్తూపానికి నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు. వాటిలో మూడింటిమీద మామిడి ఉన్నది, మూడు చోట్లా మూడు అర్థాలు.

ఉత్తర తోరణపు స్తంభంపైన ఒక మామిడిచెట్టు. దాని క్రింద ఒక ఆసనం. ఆసనంపైన ఎవరూ లేరు. చుట్టూ జనం చేతులు జోడించి నిలిచి ఉన్నారు. బుద్ధుని మనుష్యరూపంలో చెక్కని కాలం అది. ఆయన ఉన్నాడని చెప్పవలసినచో చెట్టునో, ఆసనాన్నో, పాదముద్రనో చూపేవారు. ఈ చెట్టు కథ శ్రావస్తిలో జరిగినది. తాను మామిడిచెట్టు క్రింద మహిమ చూపగలనని బుద్ధుడు అన్నాడట. గిట్టనివారు ఆ చుట్టుప్రక్కల మామిడిచెట్లనన్నింటినీ పెరికివేసినారట. అప్పుడు రాజుగారి తోటమాలి గండుడు, ఎర్రచీమలు ఆకులు కుట్టి కట్టిన గూటిలో దాగి ఉన్న పండు ఒకటి చూచి, రాజుకు తీసుకొనిపోతూ దారిలో బుద్ధునికి సమర్పించినాడు. బుద్ధుడు ఆ పండు రసం త్రాగి, టెంకను అక్కడే నాటించి, దానిమీద చేయి కడిగినాడు. టెంక మొలిచి, ఏబది మూరల చెట్టై, పూచి కాచినది. మామిడితోటలలో తిరిగినవారికి ఆ ఎర్రచీమల గూళ్లు బాగా తెలియును, వాటి కాట్లు ఇంకా బాగా తెలియును. కథ చెప్పినవాడు తోట ఎరిగినవాడని ఆ ఒక్క ముచ్చటతో తేలిపోతున్నది. ఈ రాతిలో మామిడి అంటే తినే పండు కాదు, కంటికి కానరాని గురువు.

పడమటి తోరణంమీద కథ మారినది. గంగ ఒడ్డున పెద్ద మామిడిచెట్టు. దానిమీద ఎనుబదివేల కోతులు. బోధిసత్త్వుడు ఆ కోతులకు రాజు. నీటిమీదికి వాలిన కొమ్మనుండి ఒక్క కాయ కూడ ఏటిలో పడకుండా చూడండని అతడు ముందే హెచ్చరించినాడు. రుచి తెలిసిన మనిషి పండును వెదకుకొంటూ వస్తాడని అతనికి తెలియును. ఇక్కడా పాపం చీమల గూడే కారణం. ఆ గూటి మాటున కోతుల కంటబడని పండు ఒకటి మాగి, జారి, ప్రవాహంలో కొట్టుకొని పోయి కాశీరాజు జాలరుల వలలో చిక్కినది. రాజు రుచి చూచినాడు. మందీ మార్బలంతో ఏటికెదురుగా బయలుదేరి వచ్చి చెట్టును ముట్టడించినాడు. కోతులరాజు ఆవలి ఒడ్డుకు వంతెన కట్టబోగా తెచ్చిన తీగ చాలలేదు. తీగకూ చెట్టుకూ నడుమ తన దేహాన్నే వంతెనగా చాచి, కోతులన్నింటినీ వీపుమీదుగా దాటించినాడు. కడపటి కోతి పగబట్టి ఎగిరి వీపుమీద దూకగా నడుము విరిగినది. రాజు అది చూచి సిగ్గుపడి, అతనిని దింపించి సేవ చేసినాడు. ఈ శిల్పంలో మామిడి ఆశకు గుర్తు. ఒక్క పండు రుచి ఒక సేనను నడిపించినది.

తూర్పు తోరణంపైన కథ ఏమీ లేదు. ఒక యక్షి మామిడికొమ్మ పట్టుకొని, ఒంటిని వంచి గాలిలో వ్రేలాడుతున్నట్లు నిలిచి ఉన్నది. ఆమె బోధ చెప్పదు, త్యాగం చేయదు. కాపుకు వచ్చిన చెట్టు, నిండైన ఒళ్లు, అంతే. బౌద్ధం పుట్టకముందే పల్లెలలో ఉండిన నమ్మకం ఆమె: స్త్రీ తాకిన చెట్టు కాస్తుంది, కాచిన చెట్టు స్త్రీకి సంతానమిస్తుంది. ఏ శుభాన్ని మనం ఈనాడు గడపమీద కడుతున్నామో దానికి పూర్వరూపం ఈ యక్షియే అని మా అభిప్రాయం.

ఆమె భంగిమ మన పల్నాటికి కూడ వచ్చినది. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలలో, బుద్ధుని పుట్టుకను చెక్కినారు. అందు మాయాదేవి చెట్టుకొమ్మను పట్టుకొని నిలిచిన తీరు ఆ యక్షి నిలిచిన తీరే. చెట్టు మాత్రం కథ ప్రకారం సాలవృక్షమైనది. మోహం కలిగించిన ఒంపు తల్లికి దక్కినది. చెక్కిన రాయి మన పలనాటి సున్నపురాయి. ఆ లోయ 1926లో వెలుగులోనికి వచ్చినది. సాగర జలాశయం ముంచకముందు 1954 మొదలు 1960 వరకు త్రవ్వకాలు జరిగినవి. దొరికిన శిల్పాలను కొండపైన ప్రదర్శనశాలలో భద్రపరచినారు. కొండ ఇప్పుడు ద్వీపమైనది గనుక పడవమీద పోయి చూడవలసి ఉంటుంది. అలాగని శ్రోతలు బద్ధకించరాదు.

మామిడిని అమ్మతనానికి సంపూర్ణంగా అప్పగించినవారు జైనులు. కొలనుపాక, దానవులపాడు మొదలైన తావులలో ఒకప్పుడు జైనం నిండుగా ఉండినదని తెలిసిన మనకు అంబిక పేరు క్రొత్త కారాదు. ఇరువదిరెండవ తీర్థంకరుడైన నేమినాథుని యక్షి ఆమె. చేతిలో మామిడిపండ్ల గుత్తి, ఒడిలో బిడ్డ, ప్రక్కన సింహం. ఎల్లోరాలో 32వ గుహలో ఆమె పెద్ద విగ్రహం పండ్లు కాచిన మామిడిచెట్టు నీడన కూర్చుండి ఉన్నది. ఆ గుహకు జనం ఇంద్రసభ అని పేరు పెట్టినారు. ఎదుటనున్న యక్షుని ఇంద్రుడనుకొన్నారు. ఈమెను ఇంద్రాణి అనుకొన్నారు. చేతిలోని మామిడిగుత్తి చదవడం మరచినందువలన వచ్చిన చిక్కు అది.

ఆమె కథ వినదగినది. సోమశర్మ అనే బ్రాహ్మణుని ఇల్లాలు అగ్నిల. పితృకార్యంనాడు వంట సిద్ధమైనది. భోక్తలు ఇంకా విస్తరిముందు కూర్చుండలేదు. ఆకలిగొని ఒక జైనముని వాకిట నిలిచినాడు. ఆమె వడ్డించినది. కార్యం చెడిపోయినదని భర్త మండిపడి, ఇద్దరు పసిబిడ్డలతో ఆమెను ఇల్లు వెడలగొట్టినాడు. అడవిలో బిడ్డలు ఆకలన్నారు, దాహమన్నారు. ఎండిన మామిడిచెట్టు ఒకటి ఆ క్షణాన చిగిర్చి పండ్లనిచ్చినది. ఎండిన చెరువు నిండినది. ఇంటివద్ద భర్తకు బుద్ధి వచ్చి ఆమెను వెదకుకొంటూ రాగా, కొట్టుటకే వస్తున్నాడని భయపడి ఆమె బావిలో దూకినది. మరుజన్మలో ఆమె దేవతయైనది. భర్త ఆమెకు వాహనమైన సింహమైనాడు.

అన్నం పెట్టినందుకు ఇల్లు పోగొట్టుకొన్న స్త్రీ చేతిలో ఆ గుత్తి ఉన్నదని తెలిసినప్పుడు, దానిని వట్టి ‘సంతాన చిహ్నం’ అని పుస్తకాలలో ఒక్క మాటతో తేల్చివేయడం మాకు అన్యాయంగా తోస్తుంది. అది బిడ్డల ఆకలికి చెట్టు ఇచ్చిన సమాధానం. సింహాన్ని చూడండి. శివుని ఇల్లాలి సింహం ఆమె బలానికి గుర్తు. ఈ సింహం మాత్రం పశ్చాత్తాపపడిన మగడు.

హైందవ కథలలో మామిడి దారి మరొకటి. అమరకోశం చెప్పిన మన్మథుని అయిదు బాణాలలో చూతం, అనగా మామిడిపూవు, ఒకటి. అతని విల్లు చెరకు, వాహనం చిలుక. పాత ఇండ్ల ద్వారబంధాలపైన కాయనో ఆకునో ముక్కున కరచిన చిలుకను చెక్కిన వడ్రంగి ఇంటిల్లిపాదికీ మన్మథుని కాపలా పెట్టుచున్నానని అనుకొని ఉండడు. ఇంటి యజమాని అయితే అసలే అనుకొని ఉండడు. ఒకనాడు వలపుకు చెందిన గుర్తు గడపమీదికి వచ్చేసరికి మర్యాదస్థురాలైన మంగళచిహ్నమై కూర్చున్నది.

కంచిలో శివుని పేరులోనే మామిడి ఉన్నది. ఏకామ్రనాథుడు, ఒంటిమామిడి స్వామి. పార్వతి ఇసుకలింగాన్ని వరద పాలు కాకుండ కౌగిలించుకొన్నది ఆ చెట్టు క్రిందనే. అక్కడ చెట్టు తపస్సుకూ ప్రేమకూ సాక్షి. కారైక్కాల్ అమ్మ కథ ఇంకా విచిత్రం. భర్త ఇంటికి పంపిన రెండు పండ్లలో ఒకదానిని ఆమె శివభక్తునికి పెట్టినది. భర్త ఒకటి తిని రెండవది అడుగగా దేవుని ప్రార్థించినది. చేతిలో పండు ప్రత్యక్షమైనది. అది చూచిన భర్త భయపడి విడిచిపోయినాడు. ఆమె తన చక్కదనం వదలుకొని ఎముకలగూడు వంటి రూపం కోరుకొన్నది. చోళుల కాలపు కంచువిగ్రహాలలో ఆమె చేతిలో తాళాలు ఉన్నవే గాని మామిడిపండు లేదు. కథంతా పండు చుట్టు తిరిగినా శిల్పి దానిని చూపలేదు. చూపినచో సంసారపు రుచి తిరిగి వచ్చునని అతడు ఎంచినట్లున్నది.

వినాయకుడూ కుమారస్వామీ పండుకై పోటీపడిన కథ తమిళనాట ప్రసిద్ధం. మన వినాయకవ్రతకథలో పోటీ గణాధిపత్యానికే గాని పండుకు కాదు. కనుక ఆ విషయం ఇంతటితో విడుస్తాము.

ఇంతవరకు చెప్పిన అర్థాలన్నీ వందల ఏండ్లమీద పుట్టి పెరిగినవి. ఒక అర్థం ఒక్క వారంలో పుట్టి, ఏడాదిన్నరలో చచ్చిన ముచ్చట కూడ ఉన్నది. దానికి చైనా పోవలె. 1968 ఆగస్టులో పాకిస్తాను విదేశాంగమంత్రి మావో గారికి ఒక పెట్టె మామిడిపండ్లు కానుక ఇచ్చినాడు. మావో వాటిని తాను తినక, ఆ నెల 5వ తేదీన, బీజింగులోని సింఘ్వా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ముఠాల పోట్లాట ఆపుటకు వెళ్లిన కార్మికులకు పంపినాడు. పండ్లు సుమారు 40. ఉత్తర చైనాలో ఆ పండును కంటితో చూచినవారే అరుదు. నాయకుడు తన నోటి పండు మనకిచ్చినాడని కార్మికులు పొంగిపోయినారు. పండ్లను కర్మాగారాలకు పంచినారు. కొన్నింటిని మందులో ఊరవేసి దాచినారు. ఒకచోట పండు కుళ్లబోగా నీటిలో ఉడికించి, ఆ నీటిని తలకొక చెంచాడు తీర్థంవలె పుచ్చుకొన్నారు. మైనంతో బొమ్మపండ్లు చేసి గాజుపెట్టెలలో పెట్టినారు. ఎనామెలు గ్లాసులమీద, బిళ్లలమీద, దుప్పట్లమీద మామిడి అచ్చయినది. అక్టోబరు 1న జాతీయోత్సవపు ఊరేగింపులో మామిడిపండ్ల శకటం నడిచినది. తరువాత ఉత్సాహం చల్లారినది. కరెంటు పోయిన రాత్రులలో కొందరు ఆ మైనపు పండ్లనే క్రొవ్వొత్తులుగా వెలిగించుకొన్నారు. మిగిలినవాటిని 2013లో జూరిక్ నగరంలోని రీట్‌బెర్గ్ ప్రదర్శనశాలలో జనం చూచినారు.

దీనిని చూచి నవ్వడం సులభం. కాని మన గడపమీది ఆకులు చూచి ఒక చైనా దేశస్థుడు నవ్వినచో మనం ఏమంటాము? భేదం ఎక్కడ ఉన్నదంటే, అక్కడి అర్థం పైనుండి దిగినది. ఇక్కడిది పేరులేని ఆడవారి చేతులలో, కంసాలుల, సాలీల, అద్దకపు పనివారి చేతులలో మెల్లగా కుదిరినది. ఎలా కుదిరినదో తెలుపుటకు చీర అంచుమీది పిందెకంటె మంచి ఉదాహరణ లేదు.

ఎందుకంటే ఆ పిందె పుట్టుకతో పిందె కాదు. కాశ్మీరు శాలువాలమీద 17వ శతాబ్దంలో నేసినది సన్నని పూలమొక్క. వేళ్లు కూడ కనిపించే మొక్క. 18వ శతాబ్దంలో అది గుబురై పూలగుత్తి ఆకారం దాల్చినది. ఆ శతాబ్దం చివరకు గుత్తి చుట్టూ గీత బిగిసి, కొన ఒక ప్రక్కకు వంగినది. పారశీకులు ఆ వంపు నమూనాను ‘బొతె’ అంటారు, అనగా పొద. ఇంగ్లీషువారు దానిని పైన్‌కాయ అన్నారు. కాశ్మీరులో ఒక్కొక్క శాలువాకు ఏడాదికి పైగా పట్టేది. ధర దొరలకే అందేది. 19వ శతాబ్దపు ఆరంభం నుండి స్కాట్లండులోని పైస్లీ పట్టణపు మగ్గాలు దానికి చవుకయిన నకలు నేసి అమ్మినవి. అమ్మిన ఊరి పేరే నమూనాకు అంటుకొన్నది. ఈనాడు మన నగరాల బట్టలకొట్లలో కూడ ‘పైస్లీ’ అనే పిలుస్తున్నారు. పొద పోయినది, పండు పోయినది, ఒక మిల్లుల ఊరు మాత్రం మిగిలినది.

దక్షిణదేశానికి ఆ వంపు వచ్చేసరికి మనవారు ఒక్క చూపు చూచి ‘మామిడి పిందె’ అన్నారు. కుతుబ్‌షాహీల నాటినుండి పారశీకుల ఓడలు, పారశీకుల అభిరుచి ఎరిగిన మచిలీపట్నంలో కలంకారీ అచ్చులమీద పారశీకపు తీగలతోపాటు ఈ పిందె కూడ మన ఇంటిదై స్థిరపడినది. పెడనలో ఇప్పటికీ టేకుచెక్కమీద ఉలితో ఆ వంపు చెక్కుతారు. బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుము, బెల్లం ఊరవేసిన కసిం నలుపుతో అంచు గీత అద్దుతారు. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టేది. కృష్ణ చివరి నేలల చిరివేరు ఎరుపుకు ఒకప్పుడు సముద్రాల ఆవల పేరు. కంసాలి మాత్రం ఏ శాలువా చూడనక్కరలేదు. కొమ్మమీది నిజమైన పిందెను చూచి బంగారం వంచగలడు. శాలువా వంపుకూ కొమ్మమీది వంపుకూ ఒకే పేరు దొరికిన తరువాత రెండింటినీ వేరుచేయడం ఎవరి తరం?

ఆ పేరులో ఇంకొక విశేషం ఉన్నది. మనవారు దానిని మామిడిపండు అనలేదు. పిందె అన్నారు. తమిళులు ఆ హారాన్ని మాంగాయ్ మాలై అంటారు. మాంగాయ్ అంటే పచ్చికాయ. ఉత్తరదేశంలో కైరీ అంటారు, అదీ పచ్చికాయే. సాంచీ చెట్టుమీద పండ్లు, అంబిక చేతిలో పండ్లు. ఆభరణంమీదకు, చీరమీదకు వచ్చేసరికి దేశమంతా పండును వదలి పచ్చికాయను ఏరుకొన్నది. పచ్చికాయకే ఆ వంపు ఉంటుంది గనుక అనవచ్చును. నిజమే. కాని తోట ఎరిగినవారికి పిందె అంటే వంపు మాత్రమే కాదు. కొమ్మకు వేల పూలు పూస్తే నిలిచి పండేవి కొద్ది. పూత మీద మంచు, తేనెమంచు పురుగు, ఆపైన గాలివాన, వీటిని దాటితేనే కాయ. పిందె చేతికందిన ఫలితం కాదు, ఇంకా నిలవవలసిన ఆశ. అత్తవారింటికి పోయే పిల్ల మెడలో వేసేది అది. పండు వేసి ఉంటే పొగడ్త అయ్యేది. పిందె కావడం చేత ప్రార్థన అయినది.

మెట్ట సేద్యపు ఊళ్లలో ఆ హారాలు పెట్టెలలో నిలకడగా ఉండినవి కావు. వానలు లేని ఏట తాకట్టుకు పోయేవి. విడిపించుకొన్నవి తల్లినుండి కూతురికి వచ్చినవి. విడిపించుకోలేనివి కరిగిపోయినవి. కంసాలి త్రాసులో బంగారం తూగుతుంది. ఎర్రరాళ్లను వేరుగా ఊడదీసి కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. పిందె వంపుకు ధర కట్టే తూనికరాయి ఆ పెట్టెలో ఉండదు. అయినను మరుసటి పంట కలిసివచ్చి క్రొత్త హారం చేయించునప్పుడు, ఏ నమూనా కావలెనని అతడు అడిగినచో, ముసలమ్మ వ్రేలితో గాలిలో ఆ వంపునే గీసి చూపుతుంది.